వారాల భోజనము – విద్యార్థి వేతనము

ద్రాక్షారామములోని భీమేశ్వరాలయమునకు వచ్చిన యాత్రికులు స్వామిని దర్శించి, మెట్లెక్కి పై అంతస్తులో లింగ శిరోభాగమునకు జరుగు అభిషేకమును చూచి, మాణిక్యాంబ అమ్మవారికి మ్రొక్కి మరలిపోవుదురు. ఆలయపు గోడలను, మండప స్తంభములను నిలిచి చదువువారు అరుదు. ఆ రాళ్ళమీద వందలకొలది శాసనములు చెక్కబడియున్నవి. కొన్ని తెలుగున, కొన్ని సంస్కృతమున, కొన్ని తమిళమున. వానిలో పెక్కింటి విషయమొక్కటియే. ఫలానా సంవత్సరమున ఫలానావారు భీమేశ్వర మహాదేవునకు అఖండ దీపము వెలుగుటకై ఇన్ని గొర్రెలను, లేక ఇన్ని ఆవులను సమర్పించిరి అని.

దీపమునకు గొర్రెలేల అని నేటివారికి తోచవచ్చును. మందను ఒక కాపరికి అప్పగింతురు. పాలు, పిల్లలు వానివి. అందుకు బదులుగా దినమునకు ఇంత నేయి అని వాడు ఆలయమునకు కొలిచి ఇయ్యవలెను. ముసలి గొర్రె చచ్చినచో దాని పిల్ల ఆ స్థానమునకు వచ్చును. కావున లెక్కలో మంద ఎన్నడును తరుగదు. తంజావూరి బృహదీశ్వరాలయ శాసనములు ఒక దీపమునకు 96 గొర్రెలని లెక్క కట్టినవి. తమిళ శాసనములు ఇట్టి మందను చావని, ముసలికాని గొర్రెలని వర్ణించినవి. మూలధనమును ముట్టక, దాని రాబడితోనే ఒక పనిని ఎల్లకాలము నడిపించు ఉపాయమిది. నేడు విశ్వవిద్యాలయములలో దాతల పేర నడచు శాశ్వత నిధులకును, ఈ గొర్రెల మందకును సూత్రములో భేదము లేదు.

చదువుల ఖర్చును గూర్చిన ప్రసంగమును దీపముతో మొదలుపెట్టుటకు కారణమున్నది. ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడినంతనే మన గోదావరి లంకలలోను, కాలువ గట్లమీది ఊళ్ళలోను ప్రతి యింట ఒక కాగితము, ఒక కలము బయటికి వచ్చును. తండ్రి లెక్క వేయును, తల్లి వినుచుండును, చదువవలసిన పిల్లయో పిల్లవాడో గడపయొద్ద నిలుచుండును. కళాశాల ఫీజు ఎంత అను ప్రశ్న మొదట వచ్చును. దానికి జవాబు దొరకగానే లెక్క ముగిసినదనుకొందురు. అది సగము లెక్కయే. చదువునకు ఎల్లప్పుడును రెండు ఖర్చులున్నవి: గురువున కిచ్చునది ఒకటి, కడుపున కిచ్చునది మరియొకటి. చరిత్రను చూడగా, విద్యార్థిని నడిత్రోవలో నిలిపివేసినది తరచుగా ఆ రెండవదే. దానిని ఎవరు భరించిరి, ఎవరికొరకు భరించిరి అనునదే మనము చూడవలసిన కథ.

కృష్ణాతీరమున మల్కాపురములో ఒక శిలాస్తంభము కలదు. దానిమీది శాసనము శక సంవత్సరము 1183, అనగా క్రీస్తుశకము 1261 నాటిది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి గురువైన విశ్వేశ్వర శంభువునకు మందడ గ్రామమును, రుద్రమదేవి వెలగపూడి గ్రామమును దానము చేసిన వృత్తాంతమును అది తెలుపును. ఆ దానముతో శివాలయము, మఠము, భోజనశాల, ప్రసూతిశాల, వైద్యశాల నెలకొల్పబడెను. వేదములను, సాహిత్యమును, తర్కమును, ఆగమములను చెప్పు అధ్యాపకులకును, వైద్యునకును, కరణమునకును జీతపు భూములు ఏర్పరుపబడెను. చదువు చెప్పువానికి భూమి, చదువువానికి అన్నము – రెండును ఒకే దానపత్రములో కలవు. అంతకంటె విశేషము, ఆ సత్రములో బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు వచ్చిన వారందరికిని అన్నము పెట్టవలెనని శాసించుట. ఆ మాటను జ్ఞాపకముంచుకొందము. తరువాతి శతాబ్దములలో అది ఎంత దుర్లభమైనదో చూడనున్నాము. వెలగపూడియన్నచో నేటివారికి ఆంధ్రప్రదేశ్ సచివాలయము స్ఫురించును. 2016 నుండి విద్యార్థి వేతనముల ఉత్తరువులు కూడ ఆ ఊరినుండియే వెలువడుచున్నవి.

మన గోదావరి వైపున పండితులకు అగ్రహారములిచ్చుట ఇంకను పూర్వమే కలదు. రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టునకు నందంపూడిని దానము చేసిన శాసనము పదునొకండవ శతాబ్దపు నడుమ కాలమునాటిది. నన్నయకు భారత రచనలో తోడ్పడిన నారాయణభట్టే ఈతడు. అగ్రహారమనగా పండితునకు జీవనోపాధి. ఆ ఉపాధి ఉన్నందున ఆయన శిష్యునియొద్ద రొక్కము పుచ్చుకొనకుండ పాఠము చెప్పగలిగెను.

ఈ ఏర్పాటు ఎంతకాలము నిలిచినదో తెలిసికొనుటకు ఆంగ్లేయుల లెక్కలే మనకు సాక్ష్యము. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో ప్రతి జిల్లా కలెక్టరును తన జిల్లాలోని బడుల లెక్క పంపుమని కోరెను. రాజమండ్రి జిల్లానుండి పోయిన లెక్కలో శాస్త్రములు చెప్పు పాఠశాలలు 279 కనబడుచున్నవి. ఆ గురువులలో 69 మందికి మాన్యపు భూములును, 13 మందికి పూర్వపు జమీందారులు ఏర్పరచిన రొక్కపు భత్యములును ఉండెను. మిగిలిన వారిలో దాదాపు అందరును ఏ ఆధారమును లేకయే చెప్పుచుండిరి. 279లో 82 మందికి మాత్రమే ఆధారమున్నదన్నమాట. అయినను పాఠములు ఆగలేదు. అయితే ఆ ఉచిత విద్య ఎవరికి అందినదన్న ప్రశ్న లెక్కల ప్రక్కనే నిలుచున్నది. బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823లో వ్రాసిన నివేదికలో, జనుల దారిద్ర్యము పెరిగినందున చదువు తగ్గిపోవుచున్నదనియు, బిడ్డల చేతిపని మీద ఆధారపడిన తల్లిదండ్రులు వారిని బడికి పంపలేకపోవుచున్నారనియు చెప్పెను. బడికి పోవు బిడ్డ ఇంటికి తేలేని కూలి కూడ చదువు ఖర్చులో భాగమే. ఈ సంగతిని రెండువందల ఏండ్ల క్రిందటి ఒక కలెక్టరు గ్రహించెను. మనము నేటికిని దానిని లెక్కలో వేయము.

ఉచితముగ చెప్పు గురువు దొరికినను శిష్యుడు తినవలెను గదా. అక్కడనే వారములు వచ్చినవి.

వారములు చేసికొనుట అనునది నేటి పిల్లలకు తెలియని మాట. పల్లెనుండి బాలుడొకడు గురువున్న ఊరికి వచ్చును. చేతిలో ఒక బట్టల మూట, ఒక చెంబు. ఊరిలోని గృహస్థుల ఇండ్లకు పోయి వారమునకు ఒకనాడు భోజనము పెట్టుమని అడుగును. ఆదివారము ఒక ఇల్లు, సోమవారము మరియొక ఇల్లు – ఇట్లు ఏడు ఇండ్లు కుదిరినచో వాని చదువు సాగును. ఒక్కొక్క ఇంటి మర్యాద ఒక్కొక్కటి. ఒక ఇల్లాలు సొంత బిడ్డతో సమానముగ వడ్డించును. మరియొక ఇంట నూతి నీళ్ళు తోడి, పూజకు పూలు కోసి, పిల్లలకు ఎక్కములు చెప్పిన తరువాతగాని విస్తరి పడదు.

మా తాతగారు 1910 ప్రాంతమున ద్రాక్షారామములో ఒక పండితునియొద్ద కావ్యములు చదువుకొనిరి. ఆ గురువుగారు ఫీజు అను మాట ఎరుగరు. తాతగారికి ఆరు ఇండ్లు మాత్రమే కుదిరినవి. చిన్నతనమున నేను వారినడిగితిని: "బుధవారం ఎవరింట్లో తినేవారు తాతగారూ?" వారు నవ్వి, "బుధవారం భీమేశ్వరుడింట్లో రా" అనిరి. అనగా ఆలయములో దొరికిన ప్రసాదము. దొరకని బుధవారములును ఉండెనట. వాటిని గూర్చి వారు చెప్పలేదు. మా నాయనమ్మ చెప్పినది. తాతగారు తరువాత తెలుగు పండితులై చాలకాలము ఉద్యోగము చేసిరి. ఏ ఊరిలో ఉన్నను బుధవారమునాడు మా యింట బయటి విద్యార్థి యొకడు భోజనము చేయవలసినదే. ఆనాడు వంట ఆలస్యమైనచో ఎన్నడును కోపపడని మనిషి కోపపడెడివారు.

వారములను తలచుకొని పొగడుట సులభము. నేనును పొగడుదును, మా యింటి చదువు ఆ విస్తళ్ళ మీదనే నిలిచినది. కాని నిజమును దాచరాదు. వారము దొరకుటకు బాలుడు ఆ గడప లోపలికి రాదగిన కులమువాడై ఉండవలెను. మాలపల్లె బాలునకు, మాదిగవాడ బాలునకు ఏడు ఇండ్లు కాదు, ఒక్క ఇల్లు కూడ తలుపు తీయలేదు. ఏ కులమైనను బాలికకు వారములు లేవు. పరాయి ఊరిలో ఆమె చదువుకొనునన్న ఊహయే లేదు. మల్కాపుర శాసనములోని సత్రము అందరికిని అన్నము పెట్టుమన్నది. ఆరువందల యేండ్ల తరువాత మన అరుగులు అంత విశాలముగ లేకపోయినవి. ఉన్న బాలునికైనను ఆ అన్నము దయవలన వచ్చినది. గృహిణి ఊరికి పోయినచో, ఇంట అశౌచము వచ్చినచో, పెద్దవారికి మనసు మారినచో ఆనాడు పస్తు. అడుగుటకు హక్కు లేదు, చెప్పుకొనుటకు కచేరీ లేదు.

ఇంతలో డెల్టాలో మరియొక మార్పు వచ్చెను. 1847లో మొదలై 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట వలన కాలువలు పారి, కరవు పొలములు మాగాణులయ్యెను. చేతిలో ధాన్యము మిగులగానే రైతుకు బిడ్డ చదువు మీద కన్ను పడెను. ఆ రోజులలో ఇటువైపు సబ్ కలెక్టరుగా నుండిన జి. ఎన్. టైలరు నరసాపురము, పాలకొల్లు, ఆచంట, పెనుగొండలలో బడులు పెట్టించెను. వానిని చూచి చుట్టుప్రక్కల గ్రామములవారు మాకును బడి కావలెనని అడిగిరి. ఖర్చెవరిదన్నప్పుడు, శిస్తుతోపాటు కొంత రుసుము మేమే చెల్లింతుమని ఒప్పుకొనిరి. మద్రాసు రాజధానిలో రేటు బడులని పేరొందినవి ఇవియే. గోదావరి రైతులు తమంత తాము ఒప్పుకొన్న ఈ రుసుమునకు చట్టబద్ధత కలిగించుటకే 1863లో మద్రాసు విద్యా చట్టము పుట్టెను. చట్టమైన పిదప అది ఆశించినంత ఫలించలేదు. ఇష్టముతో ఇచ్చినది ఒకటి, పన్నుగా వసూలైనది మరియొకటి. నరసాపురములో టైలరు పేర ఉన్నత పాఠశాల నేటికిని ఉన్నది. ఊరిలో పుట్టిన ప్రతి బిడ్డ చదువునకు ఊరంతయు చెల్లించుట అను ఆలోచన మన డెల్టాలో నూటడెబ్బది యేండ్ల క్రిందటనే కాలువ నీళ్ళతోపాటు పారినదని చెప్పుకొనుటకు మనము సిగ్గుపడనక్కరలేదు.

పై చదువుల సంగతి వేరు. 1854 నాటి విద్యా తాఖీదు ప్రభుత్వ సహాయము పొందు బడులు ఎంత స్వల్పమైనను ఫీజు వసూలు చేయవలెనని నియమించెను. ఊరక వచ్చిన చదువునకు విలువ ఉండదని దొరల వాదము. మన గురువులు వందల యేండ్లు ఊరక చెప్పిన చదువునకు విలువ లేకపోయెనా అని ఎవరును వారిని అడిగినట్లు లేదు. ఆ నియమముతో ఫీజు అను మాట ఇంటింటికిని వచ్చెను. పూర్వము కడుపు ఖర్చు ఒక్కటే. ఇప్పుడు రెండును చేరెను. దానిపై పరీక్ష ఫీజు.

ఈ పరీక్ష ఫీజు ఎంతపని చేయగలదో టంగుటూరి ప్రకాశముగారి జీవితములో చూడవచ్చును. తండ్రి పోయిన పిమ్మట ఆయన తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి బిడ్డలను పెంచెను. మిడిల్ స్కూలు పరీక్షకు మూడు రూపాయలు కట్టవలసి వచ్చెను. ఆ మూడు రూపాయలు పుట్టలేదు. కడకు ఆ తల్లి తన పట్టుచీరను తాకట్టు పెట్టి సొమ్ము తెచ్చెను. తరువాత ఉపాధ్యాయుడు ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారు ఆ బాలుని తనతోపాటు రాజమండ్రికి తీసికొనిపోయి, చదువుకు అండగా నిలిచిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రియైనది ఆయనయే. ఆనాడు ఆ ఇంట పట్టుచీర కూడ లేకపోయియుండినచో? పట్టుచీర లేని ఇండ్లే ఎక్కువగదా. వారి బిడ్డల పేర్లు చరిత్రలో ఉండవు.

కొందరు తమ విద్యచేతనే తమ ఖర్చు సంపాదించుకొనిరి. ద్రాక్షారామమునకు దూరము కాని కడియములో 1870లో జన్మించిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు కాశీకి పోయి చదువుటకు కావలసిన ద్రవ్యమును అవధానములు చేసి కూర్చుకొనిరి. అందరును చెళ్ళపిళ్ళవారు కాలేరు.

కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాల ఈ కథలో కొత్త మలుపు. 1884లో కళాశాల స్థాయి పొందిన ఆ విద్యాలయమునకు 1904లో రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు ప్రిన్సిపాలుగా వచ్చి 1919 వరకు ఉండిరి. పిఠాపురము మహారాజా సూర్యారావు బహద్దరువారు ఆయన శిష్యులు. గురువు మాటను శిష్యుడు కాదనలేదు. బాలికలకును, నాడు పంచములనబడిన దళిత విద్యార్థులకును ఆ కళాశాలలో ఫీజు లేకుండ చదువు చెప్పిరి. అంతటితో ఆగియుండినచో అది సగము సహాయమే అయ్యెడిది. కాకినాడలో ఆ బిడ్డలు నివసించుటకు, భోజనము చేయుటకు మహారాజావారు వసతిగృహము కట్టించి నడిపిరి. నాయుడుగారు తమ జీతములో అధికభాగమును బీద విద్యార్థులకే వెచ్చించెడివారని ఆయన నెరిగినవారు వ్రాసిరి. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్నగారు ఈ కళాశాలలో చదివినవారే. వారముల అరుగులపై చోటులేని బాలునకు ఇక్కడ పీట దొరికెను.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో స్థాపింపబడిన పిదప జయపురము మహారాజా విక్రమదేవవర్మగారు ఏటేట లక్ష రూపాయలు ఇచ్చుటకు శాశ్వతముగ ఏర్పాటు చేసిరి. ద్రాక్షారామపు గోడమీది గొర్రెల మంద మరల కనబడుచున్నది గదా! అయితే మహారాజుల దానము ఎంత పెద్దదైనను అదియు దయయే. జమీందారీలు రద్దయిన పిదప ఆ ఊట ఎండక తప్పలేదు.

దయ స్థానమున దరఖాస్తు వచ్చిన సంవత్సరము 1944. డాక్టరు అంబేడ్కరుగారు వైస్రాయి కార్యనిర్వాహక సభలో ఉన్న కాలమున, మెట్రిక్యులేషను దాటి చదువు షెడ్యూల్డు కులముల విద్యార్థులకు భారత ప్రభుత్వము వేతనములు ఇచ్చుట మొదలుపెట్టెను. తరువాత కొలది యేండ్లకు షెడ్యూల్డు తెగలకును దానిని విస్తరించిరి. బరోడా మహారాజు ఇచ్చిన వేతనముతో 1913లో అమెరికాకు పోయి చదివిన అంబేడ్కరుగారికి ఇతరుల దయమీద చదువుటలోని మేలును తెలియును, కష్టమును తెలియును. ఈ పథకములో రెండు భాగములు కలవు: కళాశాలకు కట్టవలసిన ఫీజులు ఒకటి, విద్యార్థి తిండికి, బసకు నెలనెల ఇచ్చు నిర్వహణ భత్యము మరియొకటి. ఏడు ఇండ్ల గడపలు ఎక్కవలసిన బాలునకు ఆ రెండవ భాగము ఏమిటో వేరుగ చెప్పనక్కరలేదు. దాని కొరకు ఎవరి నూతినీళ్ళును తోడనక్కరలేదు. కాగితము నింపి, సాక్ష్యములు జతచేసి, పంపవలెను. అర్హత ఉన్నవానికి కాదనుటకు వీలులేదు.

ఆ తరువాత 1961లో ప్రతిభ గల విద్యార్థులకు జాతీయ వేతనములును, 1963లో వడ్డీ లేని జాతీయ ఋణ వేతనములును వచ్చెను. ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతమున ఫీజు రీయింబర్సుమెంటు పేర వెనుకబడిన తరగతుల, ఇతర బీద కుటుంబముల బిడ్డలకును వృత్తి కళాశాలల ఫీజులను ప్రభుత్వము భరించుట పెద్ద ఎత్తున మొదలయ్యెను. 2020లో ఆ ఫీజును తల్లుల ఖాతాలో వేయు పద్ధతి వచ్చెను. తిండి, బసల కొరకు వేరుగ ఐ.టి.ఐ. వారికి ఏటికి 10,000, పాలిటెక్నిక్ వారికి 15,000, డిగ్రీ మొదలు పై చదువులవారికి 20,000 రూపాయలని నిర్ణయించిరి. 2024లో ప్రభుత్వము మారిన పిదప ఫీజును కళాశాలకే నేరుగ చెల్లింతుమని ప్రకటించిరి. పేర్లు మారుచున్నవి, సొమ్ము పోవు త్రోవ మారుచున్నది. ఫీజు, అన్నము అను రెండు పద్దులు మాత్రము మల్కాపురము నాటివే.

హక్కుగా వచ్చు ఈ సహాయమునకును ఒక దోషమున్నది. అది ఆలస్యముగ వచ్చును. దీపమునకు నేయి రెండు నెలలు ఆలస్యమైనచో దీపము ఆరిపోవును. ప్రభుత్వపు సొమ్ము విడతలు వెనుకబడినప్పుడెల్ల కళాశాలలు విద్యార్థినే పట్టుకొనును. ఫీజు కట్టినగాని హాల్ టికెట్టు లేదనును, సర్టిఫికెట్లు ఇయ్యమనును. నాకు తెలిసిన ఒక వడ్రంగి కుమార్తె చదువు ముగించి, ఉద్యోగము వచ్చియు, కళాశాలలో చిక్కుకొన్న తన కాగితములకై మూడు నెలలు తిరిగినది. తండ్రి తన పనిముట్ల యంత్రమును అమ్మి బాకీ కట్టెను. ప్రభుత్వపు సొమ్ము తరువాత వచ్చెను. ఆ పట్టుచీరయే ఈ యంత్రము. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో ఇచ్చిన ఉత్తరువు ప్రకారము విద్యాసంస్థలు విద్యార్థుల అసలు సర్టిఫికెట్లను అట్టిపెట్టుకొనరాదు. ఈ సంగతి చాలమంది తల్లిదండ్రులకు తెలియదు. తెలిసినవారును గట్టిగా అడుగరు, బిడ్డ ఇంకను వారి చేతిలో ఉన్నదను భయముచేత.

కావున ఈ ప్రసంగము విన్న ఇంట కాగితము, కలము బయటికి వచ్చినపుడు లెక్కను రెండు నిలువులుగా వేయుడు. మొదటి నిలువులో బోధన ఫీజు, ప్రత్యేక రుసుములు, పరీక్ష ఫీజు, తిరిగి వచ్చు డిపాజిట్టు. రెండవ నిలువులో హాస్టలు, భోజనము, పుస్తకములు, బట్టలు, పండుగకు ఇంటికి వచ్చిపోవు ఛార్జీలు. ద్రాక్షారామమునుండి కాకినాడ సుమారు ముప్పది కిలోమీటర్లు; విద్యార్థి బస్సు పాసుతో దినము వచ్చిపోవుటయా, అక్కడనే ఉండుటయా అను ఒక్క నిర్ణయముతో రెండవ నిలువు సగమగును. అంకెలను నాలుగేండ్లకు హెచ్చించి చూడుడు. మొదటి యేటి అంకెను మాత్రమే చూచి చేర్చి, మూడవ యేట మాన్పించినవారు మన చుట్టును ఉన్నారు.

సీటు ఏ కోటాలోనిదో కూడ ముందుగ విచారింపవలెను. వృత్తి విద్యలలో ఫీజు రీయింబర్సుమెంటు కన్వీనరు కోటాలో చేరినవారికే కలదు. యాజమాన్యపు కోటాలో చేరినవారికి లేదు. దళారి మాట నమ్మి ఆ కోటాలో చేర్చి, సర్కారు కట్టునని ఎదురుచూచిన తండ్రి దుఃఖము వర్ణింపరానిది. హాజరు నూటికి 75 తగ్గినచో వచ్చు సహాయమును ఆగును. కులధ్రువపత్రము, ఆదాయ ధ్రువపత్రము, ఆధారు, బ్యాంకు ఖాతా – అన్నిటిలోను పేరు ఒకే తీరుగ ఉన్నదో లేదో వేసవిలోనే చూచుకొనవలెను. ఒక చోట ఇంటిపేరు ముందు, మరియొక చోట వెనుక ఉన్నందున ఏడాది సొమ్ము నిలిచిపోయినవారు కలరు.

ఇవి చాలనప్పుడు బ్యాంకు అప్పు. భారతదేశపు బ్యాంకులు 2001 నుండి ఒక ఉమ్మడి పద్ధతిపై విద్యార్థులకు అప్పులిచ్చుచున్నవి. చదువు సాగినంతకాలము, ఆపైన ఒక సంవత్సరము వాయిదాలు కట్టనక్కరలేదు. అంతవరకు వడ్డీ కూడ లేదని కొందరనుకొందురు, అది పొరపాటు. ఏటికి లక్ష చొప్పున నాలుగేండ్లు నాలుగు లక్షలు తీసికొన్న విద్యార్థిని తీసికొందము. నూటికి పది చొప్పున సాధారణ వడ్డీ లెక్క వేసినను, మొదటి లక్షమీద నాలుగేండ్లకు 40,000, రెండవదానిమీద 30,000, మూడవదానిమీద 20,000, నాలుగవదానిమీద 10,000 – చదువు ముగియునాటికి లక్ష రూపాయల వడ్డీ. ఆగిన ఏడాదికి మరియొక 40,000. మొదటి వాయిదా కట్టుటకు ముందే నాలుగు లక్షలు అయిదు లక్షల నలువది వేలగును. చదువు సాగు రోజులలో వడ్డీని మాత్రమైనను నెలనెల కట్టగలిగిన ఇంటికి ఈ భారము తగ్గును. 2024 నవంబరులో కేంద్రము మంజూరు చేసిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకములో ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థలలో సీటు దొరికినవారికి హామీ లేకుండ అప్పును, ఎనిమిది లక్షల లోపు ఆదాయము గల కుటుంబములకు పది లక్షల వరకు అప్పుమీద వడ్డీలో నూటికి మూడు వంతుల తగ్గింపును ఏర్పరచిరి. సాంకేతిక విద్యలో చేరిన బాలికలకు ప్రగతి అను పేర ఏటికి 50,000 రూపాయల వేతనమొకటి కలదు. అర్హత ఉండియు దరఖాస్తు పెట్టనివారిని నేను చూచితిని. అడుగుట నామోషీ అని వారి తలంపు.

మా తాతగారు తమ ఏడు రోజుల లెక్కను ఒక పాత పంచాంగపు అట్టమీద వ్రాసి ఉంచుకొనిరి. అది మా యింట చాలకాలము ఉండెను. ఆరు వారముల యెదుట ఆరు ఇంటిపేర్లు. బుధవారము ఎదుట చోటు ఖాళీగా విడిచిపెట్టబడి ఉండెను.